పళ్లెం సూర్యుడు

612వ పగలు, మూడో రోజు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రెండు రోజులు వదిలేశాను కూడా. నోట్‌బుక్ తీయడం, పెన్ను మూత తీయడం, గోంగూర తొట్లకు నీళ్లు పట్టాలని గుర్తుకు రావడం, లేచి పోవడం. ఈ రెండు రోజుల్లో తాగినన్ని నీళ్లు ఆ గోంగూర పుట్టి ఎరగదు. ఆకులు పసుపు తిరుగుతున్నాయి. దాని ప్రాణం కోసమైనా ఇక రాయక తప్పదు.

నా పేరు ఓదెలు. డెబ్బై నిండాయి. కొత్తబాయి లాంప్‌రూమ్‌లో దీపాలు తుడిచి ఇచ్చే పని ముప్పై ఒక్క ఏళ్లు చేసి రెండు పగళ్ల కిందట ఉద్యోగం దిగిపోయాను. భూమి మీద ఎవరైనా చదివితే వాళ్ల కోసం ఒక ముక్క: చంద్రుడి మీద ఒక పగలంటే మీ లెక్కలో పద్నాలుగు రోజుల పైచిలుకు. తర్వాత అంతే పొడుగు చీకటి. మా పెద్దవాళ్లు గోదావరి ఒడ్డు బొగ్గుబాయిల నుంచి వచ్చారు. రాతి కింద బతకడం తెలిసినవాళ్లు కావాలని పిలిచారట. వస్తూ వస్తూ మాటలు తెచ్చుకున్నారు. సొరంగాన్ని ఇక్కడ ఎవరూ సొరంగం అనరు, బాయి అంటారు. పైకి, ఎండలోకి పనికి పోయేవాళ్లు కూడా "దిగుతున్నం" అనే అంటారు. పైకి ఎక్కుతూ దిగడమేమిటని కొత్తగా వచ్చిన ఇంజనీర్లు నవ్వుతారు. ఏడాది తిరిగేసరికి వాళ్లూ దిగుతారు.

విషయానికి వస్తాను. మొన్నటి నుంచీ సూర్యుడి మీద ఒక మచ్చ చూస్తున్నాను. ఇవాళ నడుమకు కొంచెం ఎడమగా, చుట్టూ పీచులు మెలికలు తిరిగి, తడి చీపురు కట్టను నేలకేసి కొట్టినట్టుంది. బాయిని నడిపే బోర్డు వాళ్లు షిఫ్టుకొకటి లాంప్‌రూమ్ గోడకు అంటించే సూర్యపటంలో మాత్రం మచ్చ లేదు.

నా టెలిస్కోపు నేను కట్టుకున్నదే. ముందు గాజు ఒక పాత సర్వే పరికరానిది. గుండెకాయ మాత్రం జంటపలక. ఎదురెదురుగా రెండు గాజుబిళ్లలు, మధ్య వెంట్రుక కన్నా సన్నటి సందు. సూర్యుడి వెలుగంతా వచ్చి గుద్దుకుంటే, హైడ్రోజన్ మండే ఎరుపు ఒక్కటే అందులోంచి జారి ఇవతలికి వస్తుంది. ఆ ఎరుపులోనే సూర్యుడి మంటలూ మెలికలూ కనబడతాయి. దాన్ని నాకిచ్చింది భూమికి తిరిగిపోతున్న ఒక రాళ్ల శాస్త్రవేత్త. ఓడలో బరువు ఎక్కువైంది, జంటపలకో రాళ్ల సంచో ఒకటే తీసుకుపొమ్మన్నారు. ఆవిడ రాళ్లు ఎంచుకుంది. చంద్రుడి మీద రాళ్లకేం కొరత అని అడగబోయి, నోరు మూసుకుని పలక అందుకున్నాను. సందులో గాలి తగ్గితే ఎరుపు తప్పుతుంది కాబట్టి దాన్ని డబ్బాలో గాలితో సహా మూసి పెట్టాను. ఈ బాయిలో గాలికి కరువొచ్చినా దానికి మాత్రం లోటుండదు.

టెలిస్కోపు బయట గూట్లో ఉంటుంది. నేను లోపల కూర్చుని, గోడకున్న రెండు రబ్బరు చేతితొడుగుల్లో చేతులు దూర్చి దాన్ని తిప్పుతాను, దుమ్ము దులుపుతాను. ఇక్కడి దుమ్ము మామూలుది కాదు, గాజును గీరేస్తుంది. బొమ్మలో కనబడే మచ్చల్లో నూటికి తొంభై తొమ్మిది దుమ్మే. అందుకు పరీక్ష ఒకటుంది. కెమెరాను పావు చుట్టు తిప్పాలి. కెమెరా గాజు మీది దుమ్మయితే బొమ్మలో ఉన్నచోటే ఉంటుంది. సూర్యుడి మీదిదయితే సూర్యుడితోపాటు పక్కకు తిరుగుతుంది.

ఇది తిరిగింది.

అప్పుడే భూలచ్చి వచ్చింది. నా దోస్తు కొమ్మయ్య బిడ్డ, నలభై ఏళ్లుంటాయి. మూడు షిఫ్టుల పొడవునా బయటే ఉండి పనిచేసే పొడుగు షిఫ్టుకు సర్దార్. సర్దార్ అంటే, పని మొదలుకాకముందు కర్రతో కప్పు కొట్టి, చెవి పెట్టి విని, కప్పు నిలుస్తుందో కూలుతుందో చెప్పే మనిషి. ఆమె చెప్పేదాకా ఎవరూ అడుగు పెట్టరు. బొగ్గుబాయిల కాలం నుంచీ అంతే.

"ఏం కాక, మల్ల సూర్యుని ముంగటనే కూసున్నవా?"

"దా, చూడు."

తెర మీదికి వంగింది. "నీ గాజు మీద దుమ్ము."

"తిప్పి చూసిన. దుమ్ము గాదు."

"అయితె నీ కండ్లల్ల ఉన్నది దుమ్ము" అని నవ్వి, నా పళ్లెంలో మిగిలిన అటుకులు తినేసి పోయింది.

నాకు నవ్వు రాలేదు. తొమ్మిదో రోజు ఆమె పద్దెనిమిది మందితో, కరెంటు తీగ లాగడానికి, తొమ్మిదో స్తంభానికి పోతోంది. ట్రాలీ మీద నాలుగు గంటల దారి. అక్కడ తల దాచుకోను ఒక్క రాయి లేదు. సూర్యుడి మీద మచ్చ పేలితే ఆ తుఫాను అరగంటలో ఇక్కడుంటుంది. బయట తొడిగే పల్చటి అంగీలో ఎండలో దొరికినవాళ్ల సంగతి నేను రాయను, మా గోడ మీద ఏడు పేర్లున్నాయి.

నాలుగో రోజు

ఈ మధ్య బోర్డు సూర్యుడు నున్నగా ఉంటున్నాడు. గత రెండు పగళ్లుగా ఒక్క మచ్చ లేదు. ఉద్యోగం దిగిపోయాక నేను దాన్ని పరీక్షగా చూసిందే లేదు. "ప్రశాంత సూర్యుడు" అని పటం కింద అచ్చు వేస్తున్నారు. భూమి వాళ్ల హెచ్చరికలు తెప్పించుకోవడం మానేసి ఆరేళ్లయింది, మన పటం మనకు చాలని తీర్మానం.

ఇవాళ లాంప్‌రూమ్‌లో ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏదో బాగాలేదు. మచ్చ లేకపోవడం ఒకటే కాదు. చాయ్ రెండుసార్లు చల్లారింది. చివరికి తట్టింది. అంచు నల్లబడలేదు.

సూర్యుడు లడ్డూలాంటివాడు. నడుమ మెరుస్తాడు, అంచులకు పోయేకొద్దీ మసకేస్తాడు. గుండ్రటి మంట కాబట్టి అంచున మనకు పైపై పొరే కనబడుతుంది. నేను ఈ బాయిలో నలభై ఏళ్లుగా చూసిన ప్రతి సూర్యుడికీ అంచు నలుపుంది. బోర్డు సూర్యుడు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వెలుగు. కడిగి బోర్లించిన స్టీలు పళ్లెం.

అక్కడున్నవాళ్లకు ఈ మాటే చెప్పాను. పొడుగు షిఫ్టు వాళ్లలో ఎనిమిదిమంది విన్నారు. సాయంత్రానికల్లా ఆ ఎనిమిదిమంది పోయి, దిగడం రెండు రోజులు ఆపమని భూలచ్చిని అడిగారట. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఈసారి అటుకులు ముట్టలేదు.

"కాక, తొమ్మిదో స్తంభం దాక తీగ పడకపోతే వచ్చే చీకట్ల తూర్పుపాయ బాయిల వేడి సగమే వస్తది. రెండొందల మంది ఉన్నరాడ. మా అమ్మ ఉన్నది. పోయిన పగలే పని ఎనకబడ్డది. నువ్వు లడ్డూలని, పల్లాలని మా పోరగాండ్లను బెదిరిస్తున్నవ్."

"నేను బెదిరిస్తలేను. చూసింది చెప్పిన."

"బోర్డు యంత్రం ఇల్లంత ఉంటది. నీది గొట్టమంత. ఎవ్వలను నమ్మాలె?"

గొట్టం మాట నిజమే.

ఐదో రోజు

ఉత్తర్వు వచ్చింది. ప్రైవేటు సూర్య పరికరాలన్నీ ఎనిమిదో రోజు మొదటి షిఫ్టు లోపల స్టోర్సులో జమ చేయాలి. "అన్నీ" అని రాశారు. బాయి మొత్తానికి ఉన్నది నాదొక్కటే. నా పేరు రాయడానికి మొహమాటపడ్డారు.

తీసుకొచ్చింది సూర్య విభాగం ఇంజనీరు చక్రపాణి. చెడ్డవాడు కాదు. భూమి నుంచి వచ్చి మూడేళ్లు. మాట మెత్తన, చొక్కా గుండీ మెడదాకా.

"పెద్దాయనా, మీ ఆసక్తి నాకు తెలుసు. నేనూ చిన్నప్పుడు టెలిస్కోపు పట్టుకుని తిరిగినవాణ్ణే. కానీ ఇలా రెండు సూర్యుళ్లు తిరిగితే పనులు ఆగిపోతాయి."

"మీ సూర్యుడికి అంచు నలుపు ఏదండీ?"

"యంత్రం సరిచేస్తుంది. గాజుల్లో లోపాలన్నీ తీసేసి శుభ్రమైన పటం ఇస్తుంది."

"అంచు నలుపు గాజు లోపం కాదు. సూర్యుడిది."

ఆయన మెడ దగ్గర గుండీ సర్దుకున్నాడు. "ఎనిమిదో రోజండీ. నన్ను ఇబ్బంది పెట్టకండి."

"జంటపలక ఇవ్వనండి" అన్నాను. "మీరు ఇబ్బంది పడవలసిన పనిలేదు. ఇవ్వనన్నాడని రాసుకోండి. ఓదెలులో 'దె'కు దీర్ఘం ఉండదు, సరిగా రాయండి."

ఆయన పోయాక తొడుగుల్లో చేతులు దూర్చి, జంటపలక డబ్బా బిగుతుగా ఉందో లేదో చూసుకున్నాను.

ఆరో రోజు

మచ్చ నడుమ దాటి కుడివైపుకు జరిగింది. పెరిగింది. తొమ్మిదో రోజుకు సూర్యుడి కుడి భుజం మీద ఉంటుంది. అక్కడ పేలితే పక్కకు పోతుందిలే అనుకుంటారు తెలియనివాళ్లు. మొక్కలకు నీళ్లు పడుతూ గొట్టాన్ని గిరగిరా తిప్పితే ధార వంపు తిరుగుతుంది కదా, సూర్యుడూ తిరుగుతూనే చిమ్ముతాడు. ఆ వంపు కుడి భుజం నుంచి సరిగ్గా మన నెత్తి మీదికి వస్తుంది. ఇది నాకు ఏ బడీ చెప్పలేదు. నీళ్ల గొట్టమూ, పాత పత్రికల కట్టా చెప్పాయి.

ఇవాళ బోర్డు పటం రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. విభాగంలో మీటింగట. ఆ మీటింగుకు దండం పెట్టాలి. నున్నటి పళ్లెం మీద, సరిగ్గా నా మచ్చ ఉన్నచోట, గోటితో నొక్కినట్టు ఒక సన్నటి నల్లగీత, దాని అవతలి పక్క ఒక సన్నటి తెల్లగీత. అందరూ అచ్చు తప్పనుకున్నారు. నేను గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాను.

చెబుతాను. ప్రతి కెమెరాకూ తన మురికి ఉంటుంది, దుమ్ము, గాజు మీద గీతలు. దాన్ని తీసేయడానికి ముందు ఒక ఖాళీ బొమ్మ తీస్తాం. టెలిస్కోపు మూతికి తెల్లటి పల్చటి కవరు బిగిస్తే సూర్యుడి రూపం చెరిగిపోయి ఒట్టి వెలుగే లోపలికి వస్తుంది. ఆ బొమ్మలో కెమెరా మురికి తప్ప ఏమీ ఉండదు. తర్వాత తీసే బొమ్మలన్నింటినీ దానితో భాగిస్తే మురికి కొట్టుకుపోతుంది. నేను రేషన్ పాలపొడి కవరు వాడతాను. బోర్డు యంత్రానికి తలుపులాంటి మసక పలక ఉంటుంది. షిఫ్టు మొదట్లో అదే మూసుకుని, ఖాళీ బొమ్మ తీసి, తెరుచుకుంటుంది, మనిషి మీట నొక్కగానే పటం తీస్తుంది.

ఆ పలక మసకగా లేకపోతే? ఖాళీ బొమ్మలో సూర్యుడే పడతాడు, మచ్చతో సహా. తర్వాత సూర్యుణ్ణి సూర్యుడితోనే భాగిస్తే మిగిలేది పళ్లెం. మచ్చ పోతుంది, అంచు నలుపూ పోతుంది. ఇవాళ్టిలా ఖాళీ బొమ్మ తీశాక మీటింగు వల్ల పటం తీయడం రెండు గంటలు ఆలస్యమైతే మచ్చ ఈలోగా కొంచెం జరుగుతుంది కాబట్టి గోటిగీతలు మిగులుతాయి.

వాళ్ల యంత్రం రెండు పగళ్లుగా ప్రతి షిఫ్టుకూ మచ్చల్ని మురికి అనుకుని కడిగేస్తోంది. దొరికింది! లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను.

ఏడో రోజు

రెండు పగళ్లుగా, అని నిన్న నేనే రాశాను. ఇవాళ ఆ మాట దగ్గర పెన్ను ఆగింది.

రెండు పగళ్ల కిందట, నేను దిగిపోయే వారంలో, స్టోర్సు నుంచి చిట్టీ వచ్చింది. బోర్డు టెలిస్కోపు ముందు పలక పగిలింది, మార్చమని. అంగీ తొడుక్కుని పోయాను. పలక పాలలా తెల్లబారి ఉంది. మా దుమ్ముకు ఏ గాజైనా ఏడాదిలో అలాగే తెల్లబారుతుంది. లాంప్‌రూమ్ మనిషికి తెల్లబారిన గాజును మించిన సిగ్గు లేదు. దీపం గాజు మసకగా ఉంటే దిగేవాడికి దారి కనబడదు, ముప్పై ఒక్క ఏళ్లు ఈ మాటే చెప్పి పిల్లలతో తుడిపించాను. స్టోర్సులో అదే కొలతవి రెండు రకాలున్నాయి. మసకవాటిని పాత సరుకనుకుని, కరిగించే తుక్కులో పడేశాను. తళతళలాడేది ఏరుకుని, మూడుసార్లు తుడిచి, బిగించి వచ్చాను.

రోజూ పాలపొడి కవరు కట్టే చేతులివి. ఆ పలక ఎందుకు మసకగా ఉందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. తుడవడమే ఆలోచన అనుకున్నాను.

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నానని మొదట్లో అన్నది మచ్చ సంగతే. ఇవాళ్టిది అయితే పేజీ చింపేద్దామని కూడా అనిపించింది. చింపలేదు.

ఎనిమిదో రోజు

మొదటి షిఫ్టుకు స్టోర్సుకు పోలేదు. చక్రపాణి గదికి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"పలక మీరే మార్చారా?"

"నేనే. చిట్టీ మీద నా సంతకం ఉంటుంది, తీసి చూడండి."

తీశాడు. చూశాడు. లేచి తలుపు వేశాడు. నిన్నటి నుంచీ ఆయనకూ నిద్ర లేదని ముఖం చెప్పింది.

"గోటిగీతలు నేనూ చూశాను" అన్నాడు. "కానీ ఇప్పుడు ఇది ఒప్పుకుంటే రెండు పగళ్ల పటాలన్నీ తప్పని ఒప్పుకోవాలి. బోర్డు సమావేశం పన్నెండో రోజు. అప్పుడు నెమ్మదిగా పెడతాను. ఈలోగా పలక కూడా తెప్పిస్తాను."

"వాళ్లు పోయేది రేపు."

"మచ్చ ఉన్నంత మాత్రాన పేలాలని లేదు కదండీ."

"లేదు" అన్నాను. "కప్పు పగులు ఇచ్చినంత మాత్రాన కూలాలని కూడా లేదు. అయినా కింద ఎవరినీ కూర్చోబెట్టం."

ఆయన కిటికీ వైపు చూశాడు. మా గదులకు కిటికీలుండవు, గోడకు కిటికీ బొమ్మ ఉంటుంది.

నేను లాంప్‌రూమ్‌కు పోయి, బోర్డు పటం పక్కన నా బొమ్మ అంటించాను. కింద పెద్ద అక్షరాలతో రాశాను: "యంత్రానికి తప్పు పలక బిగించింది ఓదెలు. తప్పు ఓదెలుది. మచ్చ సూర్యుడిది." గుమిగూడారు. దీపాలు నేను నేర్పగా తుడిచిన పిల్లలు, ఇప్పుడు వాళ్లకే పిల్లలున్నారు, ఆ మూడు వాక్యాలు చదివి నా ముఖం చూడలేదు. అది గట్టిగానే తగిలింది. బొమ్మ మాత్రం పీకలేదు.

భూలచ్చి వచ్చి చదివింది. రెండోసారి చదివింది.

"నిజంగ నువ్వేనా, కాక?"

"నేనే బిడ్డా."

"ఇన్నేండ్లు మాకు గాజు తుడువుడు నేర్పి..." అని ఆగి, "నడువు" అంది.

నా గదికి వచ్చాం. తెర వైపు చూడలేదు. "తెర మీది బొమ్మ నాకు చూపియ్యకు. బోర్డుది గూడ బొమ్మనే. నా చేతికియ్యి." చేతితొడుగుల్లో చేతులు దూర్చింది. ముందు గాజు తానే దులిపింది. కెమెరాను తానే పావు చుట్టు తిప్పింది, మళ్లీ పావు చుట్టు. పాలపొడి కవరు కట్టి తీసింది, ఒకసారి కట్టకుండా తీసింది. కవరు లేకుండా తీసినదానితో భాగించి చూపమంది. చూపాను. తెర మీద తళతళలాడే పళ్లెం వచ్చింది. మచ్చ లేదు. ఆమె ఆ పళ్లెం వైపు చాలాసేపు చూసింది. కప్పు కొట్టి చెవి పెట్టినప్పుడు కొమ్మయ్య ముఖం ఇలాగే ఉండేది.

"తొమ్మిదో స్తంభం పోను" అంది. "మూడో స్తంభం దాకనే దిగుత. ఆడ రాతిగుంట ఉన్నది, ఉరికితే పది నిమిషాలు. ఈడి తీగ ముందుగాల గుంజుతం. ఆడిది మల్ల చూద్దం."

"బోర్డు ఏమంటదో."

"కప్పు మంచిగున్నదని చెప్పేది సర్దారు, కాక. బోర్డు గాదు."

తొమ్మిదో రోజు

మొదటి షిఫ్టుకు పందొమ్మిది మంది మూడో స్తంభానికి దిగారు. పని ఉత్తర్వు మీరినట్టు భూలచ్చి పేరు రాసుకున్నారు. నా పేరు ఎలాగూ ఉంది. నేను గూడు ముందు నుంచి లేవలేదు. రెండో షిఫ్టు అయిపోయింది. ఏమీ కాలేదు. క్యాంటీన్ నుంచి వస్తూ ఒకడు తలుపు దగ్గర ఆగి, "ఏం తాత, ఇంక పేలలేదా?" అని పోయాడు. జవాబివ్వడానికి కళ్లు తెర మీంచి తీయాలి, తీయలేదు.

మూడో షిఫ్టు మొదలైన గంటకు మచ్చ నడుమ రెండు తెల్లటి గీతలు లేచాయి. ఈ తెర మీద తెలుపంటే కెమెరా తట్టుకోలేనంత ఎరుపని అర్థం. లాంప్‌రూమ్‌కు ఉరికాను. బయటివాళ్ల హెల్మెట్లలో కూడా మోగే గంట అది, ఉద్యోగం దిగిపోయినవాడికి ముట్టే హక్కు లేదు. ముట్టాను. భుజం పట్టేదాకా కొట్టాను.

ఇరవై ఆరు నిమిషాలకు బయటి రేడియేషన్ మీటర్లన్నీ ఒకేసారి కూత పెట్టాయి. అప్పటికి పందొమ్మిది మందీ గుంటలో, రాతి కింద ఉన్నారు. భూలచ్చి రేడియోలో తల లెక్క రెండుసార్లు చెప్పింది. చక్రపాణి లాంప్‌రూమ్ గుమ్మంలో నిలబడి, గుండీలు పెట్టుకోకుండా, ఆ లెక్క విన్నాడు.

పదకొండో రోజు

గుంటలో ముప్పై ఒక్క గంటలు కూర్చున్నారు. పేకలో ఒక ముక్క తప్పిపోయిందని తగువు. మధ్యలో భూలచ్చి మాట్లాడింది: "కాక, నీ సూర్యుడు ఇంకెంతసేపు మండుతడు? ఈడ అటుకులు తప్ప ఏం లెవ్వు." నా అటుకులు తినేసినందుకు అనుభవించమన్నాను. మచ్చ చిక్కి అంచుకు జారింది, ఇవాళ బయటికొచ్చి, అన్నం తిని, తొమ్మిదో స్తంభానికి పోయారు. వెలుగు ఇంకా మూడు రోజులకు పైనే ఉంది. సరిపోతుందంటోంది భూలచ్చి.

బోర్డు నోటీసు అంటించింది. తుఫాను సందర్భంగా సిబ్బంది అప్రమత్తంగా వ్యవహరించారని ఉంది. నా పేరు లేదు, పలక మాటా లేదు. పరికరాల ఉత్తర్వు అలాగే ఉంది. స్టోర్సు క్లర్కు రసీదు పుస్తకంతో వచ్చాడు. చాయ్ ఇచ్చాను. తాగి, ఖాళీ రసీదు చింపుకుని పోయాడు. నా బొమ్మ గోడ మీదే ఉంది, పక్కన ఎవరో మేకు కొట్టి కర్ర తగిలించారు, కప్పు కొట్టే కర్ర. గోంగూర కోలుకుంటోంది.

మధ్యాహ్నం చక్రపాణి వచ్చాడు. మసక పలక భూమి నుంచి రావడానికి ఇంకా రెండు పగళ్లు పడుతుందన్నాడు. పాలపొడి కవరు ఒకటి ఉందా అని అడిగాడు.

దులిపి, రెండు ఇచ్చాను.